టర్న్ అంటే తిరగడమా, మారడమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంగ్లిష్ నవల చదువుతుంటే ఒకే అధ్యాయంలో టర్న్ అనే మాట నాలుగు చోట్ల తగిలింది, నాలుగు చోట్లా 'తిరగడం' అని పెట్టుకుని చూస్తే ఒక్కటీ అతకలేదు. 'ద వెదర్ టర్న్డ్', 'షీ హ్యాడ్ జస్ట్ టర్న్డ్ ఫార్టీ', 'షీ టర్న్డ్ హిమ్ డౌన్', ఆఖరుది 'ఇట్ గేవ్ మీ క్వైట్ ఎ టర్న్'. డిక్షనరీ తెరిస్తే అర్థాలు పేజీల కొద్దీ ఉన్నాయి, ఇవన్నీ బట్టీ పట్టాలా, అసలు 'మారడం' అని చెప్పాలనుకున్నప్పుడు బికమ్ ఎప్పుడు, టర్న్ ఎప్పుడు అని అడిగారు.

బట్టీ మాత్రం పట్టకండి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను, మధ్యలో కొన్నేళ్లు పాఠాలు కూడా చెప్పాను. కష్టమైన మాటలు నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, వాటికి డిక్షనరీ చూస్తాం కాబట్టి. దెబ్బ తిన్నదంతా ఇలాంటి చిన్న మాటల దగ్గరే, తెలుసులే అనుకుని చూడకుండా వదిలేస్తాం కదా. మొదట్లో ఒక డిటెక్టివ్ కథ అనువదించాను. అందులో ఇన్‌స్పెక్టర్ రోజంతా తిరిగి తిరిగి ఇంటికొస్తాడు, 'హీ టర్న్డ్ ఇన్ ఎట్ టెన్' అని ఉంది. టర్న్ ఇన్ అంటే పోలీసులకు అప్పగించడం అని నాకు బాగా తెలుసు, అంతకు ముందు పేజీలోనే ఒక దొంగను వాడి తమ్ముడే అలా అప్పగించాడు. ఇంకేముంది, 'ఇన్‌స్పెక్టర్ పది గంటలకు లొంగిపోయాడు' అని రాసి పంపాను. ఎడిటర్ గారు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి పక్కన ఒకే ఒక్క మాట రాశారు: 'ఎవరికి?' పాపం ఆ మనిషి పదింటికి పడుకున్నాడంతే. మామూలు ఇంగ్లిష్‌లో టర్న్ ఇన్ అంటే పడక ఎక్కడం అని కూడా అర్థం ఉందని ఆ రోజు తెలిసింది. అప్పగించడం అయితే ఎవరిని అన్నది పక్కనే ఉండాలి, లొంగిపోవడం అయితే 'హిమ్‌సెల్ఫ్' ఉండాలి. రెండూ లేవు. వాక్యమే చెబుతోంది, నేనే వినలేదు.

కాబట్టి అర్థాల లిస్టు పక్కన పెట్టి, ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూద్దాం. టర్న్ పాత ఇంగ్లిష్ కాలం నుంచీ ఉంది, లాటిన్ 'టొర్నారే' నుంచి వచ్చింది, దాని వెనక గ్రీకు 'టోర్నోస్' ఉంది. టోర్నోస్ అంటే లేత్ మిషన్, మన పాత తెలుగులో తరిమెన అనేవారు. కొయ్యను గిర్రున తిప్పుతూ ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే పరికరం. ఆ తర్వాత ఇంగ్లండ్ మీదికి ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు 1066లో వచ్చారు, వాళ్ల దగ్గర కూడా ఇదే లాటిన్ మాట వేరే వేషంలో ఉంది, రెండూ కలిసిపోయి మాట ఇంకా గట్టిపడింది. లేత్ మీద పనిచేసేవాణ్ని ఇప్పటికీ టర్నర్ అంటారు, ఆ ట్రేడ్ చదివినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్‌వాళ్లలో అది ఇంటిపేరు కూడా అయింది. టూర్, రిటర్న్, డీటూర్ దీని చుట్టాలే. గుర్రాలు తిప్పుతూ చేసే పోటీల నుంచి వచ్చిన టోర్నమెంట్ కూడా అంతే. మన పని ఒకరి వైపు తిప్పి వాళ్లకు అప్పజెబితే వాళ్లు అటార్నీ.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, లేత్ మీద జరిగేది చూడండి. తిరగడం ఒక పని, కానీ తిరిగి ఆగేసరికి అక్కడున్నది ముందున్న మొద్దు కాదు. మొద్దు పోయి బొంగరం వచ్చింది. తిరుగుడు, మార్పు రెండూ ఒకే పనిలో ఉన్నాయి. అందుకే ఈ మాట మార్పు వైపు వెళ్లడం నాకు వింతగా అనిపించదు. 'వెల్ టర్న్డ్ ఫ్రేజ్' అంటే చక్కగా చెక్కిన మాట, ఇందులో లేత్ ఇంకా కనిపిస్తూనే ఉంది.

మన 'తిరుగు' మాత్రం తక్కువ తిన్నదా? ఎదురు తిరిగాడు, కథ అడ్డం తిరిగింది, తల తిరిగింది, చేయి తిరిగిన రచయిత, ఆ మాటకు తిరుగు లేదు, పొద్దు తిరిగాక వస్తా. 'తిరిగి' అంటే మళ్లీ అని అర్థం. ఆ 'మళ్లీ' కూడా 'మళ్లు' నుంచి వచ్చిందే, అదీ తిరగడమే. తిరుగుబాటులో తిరగడం ఉంది, పొద్దుతిరుగుడు పువ్వులో ఉంది. 'ఫిరాయించు' అన్నది హిందుస్తానీ 'ఫిరానా' నుంచి తెచ్చుకున్నాం, దానర్థమూ తిప్పడమే, పార్టీ ఫిరాయింపు అంటే అక్షరాలా టర్నింగే. ఇంగ్లిష్‌లో ఫిరాయించినవాణ్ని టర్న్‌కోట్ అంటారు, కోటు లోపలి వైపు బయటికి తిప్పి తొడుక్కున్నవాడని. అంటే ఆలోచన మనకేమీ కొత్త కాదు. చిక్కల్లా ఏమిటంటే మన తిరుగు వెళ్లిన దారులు వేరు, వాళ్ల టర్న్ వెళ్లిన దారులు వేరు. వాళ్ల పాలు 'తిరుగుతాయి', మన పాలు విరుగుతాయి. చేయి తిరిగిన రచయిత అన్నది ఇంగ్లిష్‌లో మాటకు మాట చెబితే వాళ్లు చెయ్యి బెణికిందేమో అనుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి, టర్న్ అంటే మారడం అయినప్పుడు. 'అవ్వడం' అన్నదానికి ఇంగ్లిష్‌లో బికమ్, గెట్, గో, గ్రో, టర్న్ ఇన్ని ఉన్నాయి, అన్నిటికీ కలిపి పుస్తకాల్లో ఒకటే అర్థం రాసేస్తారు, అక్కడే గొడవంతా. నేను వాడే గుర్తు ఒకటుంది, దీన్ని వ్యాకరణ సూత్రంలా తీసుకోకండి, చూపుడువేలు అనుకోండి. టర్న్ అంటే ఏదో ఒక వస్తువుకి ఇంతసేపూ కనిపించిన ముఖం పోయి ఇంకో ముఖం కనబడాలి. మార్పు కంటికి ఆనాలి. అందుకే రంగులకు టర్న్ అంత బాగా కుదురుతుంది: ముఖం పాలిపోతే 'టర్న్డ్ పేల్', ఆకులు పండుబారితే 'టర్న్డ్ యెల్లో', ఆకాశం నల్లబడితే 'టర్న్డ్ బ్లాక్'. వాతావరణానికి కుదురుతుంది, 'టర్న్డ్ కోల్డ్'. మనుషుల తీరుకు కుదురుతుంది, నవ్వుతూ మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి ముఖం గంటు పెట్టుకుంటే 'టర్న్డ్ నాస్టీ'. ప్రశాంతంగా సాగుతున్న ఊరేగింపులో రాళ్లు పడితే 'టర్న్డ్ వయొలెంట్'.

గ్రో నెమ్మదిగా జరిగేవాటికి, గ్రో ఓల్డ్, గ్రో టైర్డ్. గెట్ నోటి మాట, ఎక్కడైనా వాడొచ్చు, కాకపోతే గంభీరమైన రాతలో తేలిపోతుంది. గో సాధారణంగా చెడిపోయేవాటికి, గో మ్యాడ్, గో బ్యాడ్, గో బాల్డ్, గో డెఫ్. చూపు పోయిందని చెప్పడానికి మనవాళ్లు 'హీ టర్న్డ్ బ్లైండ్' అని రాయడం తరచూ చూస్తాను, ఇంగ్లిష్‌వాళ్లు 'వెంట్ బ్లైండ్' అంటారు. పైగా 'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అనే జాతీయం ఒకటి వేరే ఉంది, చూసీ చూడనట్టు ఊరుకోవడం. దీని వెనక ఒక కథ చెప్పుకుంటారు: 1801 కోపెన్‌హేగెన్ యుద్ధంలో వెనక్కి రమ్మని పైవాళ్లు జెండా సంకేతం ఇస్తే, బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ చూపు లేని కంటికి దుర్భిణి ఆనించి నాకేమీ కనపడటం లేదే అన్నాడట. ఆ కన్ను చూపు అంతకు ఏడేళ్ల ముందు కోర్సికాలో పోయింది. కథలో ఎంత నిజమో ఎంత మసాలానో పక్కన పెడితే, జాతీయం గుర్తుండడానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు.

బికమ్‌కి ఇలాంటి పట్టింపులేవీ లేవు, అదొక సాదా మాట. చదివి డాక్టరయ్యాడు, ఎన్నికల్లో గెలిచి మంత్రయ్యాడు, అన్నీ బికమ్. ఒకసారి ఒక కుర్రాడు తన గురించి రాసుకున్న ఉత్తరం దిద్దమని తెచ్చాడు, అందులో 'ఐ టర్న్డ్ ఇంటూ యాన్ ఇంజనీర్' అని ఉంది. టర్న్ ఇంటూ అంటే కప్ప రాకుమారుడైపోవడం లాంటిది, రాత్రి పడుకుని తెల్లారి లేచేసరికి ఇంజనీరై ఉన్నట్టు వినిపిస్తుంది. నాలుగేళ్లు చదివి అయ్యాడు కాబట్టి బికేమ్. అదే 'హీ టర్న్డ్ ఇంటూ ఎ మాన్‌స్టర్' అంటే బ్రహ్మాండంగా కుదురుతుంది, నీరు ఆవిరైపోవడం కుదురుతుంది, చిన్న మాట పెద్ద గొడవైపోవడమూ కుదురుతుంది. రూపమే మారిపోవాలి, లేదా అంత మారినట్టు అనిపించాలి.

వృత్తుల విషయంలో టర్న్ అసలు రాదా అంటే వస్తుంది, ముందున్నది వదిలేసి ఇటు దూకినప్పుడు. 'టర్న్ ప్రొఫెషనల్' అంటే సరదాకి ఆడేవాడు జీతానికి ఆడటం మొదలుపెట్టాడని. 'టర్న్ ట్రెయిటర్' అంటే ద్రోహిగా మారాడు. ఈ రెండో దానిలో ముందు 'ఎ' ఉండదు, గమనించండి, 'టర్న్ ఎ ట్రెయిటర్' అనరు. 'లాయర్ టర్న్డ్ పొలిటీషియన్' అన్నది పత్రికల్లో రోజూ కనిపించేదే, తెలుగులో 'న్యాయవాది నుంచి రాజకీయ నాయకుడిగా మారిన' అని సాగదీయకుండా 'ఒకప్పటి లాయరు, ఇప్పటి నాయకుడు' అంటే సరిపోతుంది.

ఒక్కోసారి టర్న్ పక్కన ఏమీ ఉండదు, ఏమిటిగా మారిందో చెప్పరు. మీ మొదటి వాక్యం అలాంటిదే. అప్పుడు ఎవరు మారారన్నదాన్ని బట్టి ఎటు మారిందో మనమే పట్టుకోవాలి. పాలు టర్న్ అయితే విరిగాయి. ఆకులు టర్న్ అయితే శరదృతువు వచ్చి రంగు మారాయి. కడుపు టర్న్ అయితే దేవింది. అదృష్టం టర్న్ అయితే మంచికో చెడుకో వెనక వాక్యం చూడాలి. వెదర్ ఒంటరిగా టర్న్ అయిందంటే నూటికి తొంభై పాళ్లు చెడిందనే, బాగున్నది కాస్తా మబ్బు పట్టి చలి తిరిగిందన్నమాట. మీ నవల్లో ఆ వాక్యం తర్వాత వాళ్లు ప్రయాణం మానుకున్నారని రాశారు కదా, ఇంకేం అనుమానం లేదు.

ఇక ఫార్టీ. టర్న్ పక్కన వయసు వస్తే ఆ వయసు అప్పుడే నిండిందని అర్థం, మధ్యలో 'టు' రాదు, 'టర్న్డ్ టు ఫార్టీ' తప్పు. గడియారానికీ ఇదే, 'ఇట్ హ్యాజ్ జస్ట్ టర్న్డ్ సిక్స్' అంటే ఇప్పుడే ఆరు దాటింది. తెలుగులో రాసేటప్పుడు ఇక్కడ జాగ్రత్త కావాలి, ఎందుకంటే మనకు వయసు రెండు రకాలుగా నడుస్తుంది. 'ఆమెకు నలభయ్యో ఏడు నడుస్తోంది' అంటే ఇంకా ముప్పై తొమ్మిదే నిండాయి, 'నలభయ్యో ఏట అడుగుపెట్టింది' అన్నా అంతే. టర్న్డ్ ఫార్టీ అంటే నలభై నిండాయి, అంటే నలభై ఒకటో ఏట అడుగుపెట్టింది. అచ్చయిన అనువాదాల్లో కూడా ఈ ఒక ఏడాది తేడా చాలాసార్లు చూశాను, జీవిత చరిత్రల్లో అయితే తారీఖులన్నీ తారుమారవుతాయి.

తోకలు అంటే డౌన్, అప్, ఆఫ్, ఆన్ గురించి ఎంత చెప్పినా తరగదు, మిమ్మల్ని తికమక పెట్టేవి కొన్నే చెబుతాను. స్విచ్ నొక్కుతున్నా టర్న్ ఆన్ అనే అంటాం, కుళాయిలు, గ్యాస్ దీపాల మరలు తిప్పిన రోజుల అలవాటు అది. సౌండు, వేడి లాంటివి పెంచితే అప్, తగ్గిస్తే డౌన్. ఏసీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంగ్లిష్‌వాళ్లే దెబ్బలాడుకుంటారు: 'టర్న్ అప్ ద ఏసీ' అంటే చల్లదనం పెంచమని, అంటే రిమోట్ మీద అంకె తగ్గించాలి. ఒకరు అంకె చూస్తారు, ఒకరు చలి చూస్తారు, గదిలో ఇద్దరుంటే ముగ్గురికి కోపం. మనుషులు టర్న్ అప్ అయితే పిలవకుండానో, వస్తారో రారో అనుకుంటుంటేనో ఊడిపడ్డారని. పోయిన వస్తువు టర్న్ అప్ అయితే దానంతట అదే దొరికిందని. టర్న్ ఆన్ పక్కన మనిషి వస్తే ఇంకా జాగ్రత్త, 'ద డాగ్ టర్న్డ్ ఆన్ హిమ్' అంటే పెంచినవాడి మీదికే తిరగబడింది. 'ద కేస్ టర్న్స్ ఆన్ వన్ విట్‌నెస్' అంటే కేసంతా ఆ ఒక్క సాక్షి మీదే ఆధారపడి ఉంది, తలుపు మడతబందు మీద తిరిగినట్టు. టర్న్ అవుట్ అంటే తీరా చూస్తే తేలింది. 'హీ టర్న్డ్ అవుట్ టు బి హర్ బ్రదర్' అన్నదాన్ని 'ఆమె సోదరుడిగా మారాడు' అని రాసిన సబ్‌టైటిల్ ఒకటి నా కళ్లారా చూశాను. తీరా చూస్తే ఆమె అన్నయ్యే, ముందు నుంచీ అన్నయ్యే, మారినది మనకు తెలిసిన సంగతి.

టర్నోవర్ కూడా ఇలాంటిదే. వ్యాపారానికి అయితే లావాదేవీల మొత్తం, అది మనకు అలవాటే. స్టాఫ్ టర్నోవర్ అంటే మాత్రం ఉద్యోగులు మానేసి కొత్తవాళ్లు చేరడం. 'అక్కడ సిబ్బంది టర్నోవర్ ఎక్కువ' అని యథాతథంగా రాస్తే చదివేవాళ్లు సిబ్బంది బాగా సంపాదిస్తున్నారు కాబోలు అనుకుంటారు.

మీ మూడో వాక్యం 'టర్న్డ్ హిమ్ డౌన్', అంటే కాదంది, ఒప్పుకోలేదు. ఉద్యోగమైనా, సాయమైనా, పెళ్లి ప్రతిపాదనైనా ఇదే. డౌన్ ఎందుకొచ్చిందని అడిగితే బోలెడు పిట్టకథలు చెబుతారు, వాటి జోలికి పోకండి. రెజెక్ట్ అంటే ముఖం మీద తలుపు వేసినట్టుంటుంది, టర్న్ డౌన్ కాస్త మెత్తన, మర్యాదగా వద్దన్నట్టు కూడా ఉండొచ్చు, కాబట్టి 'తిరస్కరించింది' కంటే 'కాదంది' నయం.

నామవాచకంగా వచ్చేవి కొన్ని. 'మై టర్న్' అంటే నా వంతు, ఇది చిన్నపిల్లలకీ తెలుసు. 'ఇన్ టర్న్' దగ్గర మాత్రం పెద్దవాళ్లు కూడా జారతారు. ఒకరి తర్వాత ఒకరు అనే అర్థం ఒకటి ఉంది, దానివల్ల ఇది, దీనివల్ల మరొకటి అనే గొలుసు అర్థం ఇంకొకటి. రెండోదానికి కూడా 'తన వంతుగా' అని రాసేస్తుంటారు. ఎండలు ముదిరాయి, నేల ఎండింది, 'విచ్ ఇన్ టర్న్' పంట తగ్గింది అన్నచోట నేల తన వంతు సాయం చేసినట్టు ఉంటుంది. 'దాంతో' అంటే చాలు. 'టర్న్ ఆఫ్ ద సెంచరీ' కనిపిస్తే పుస్తకం ఎప్పుడు రాశారో చూడండి, 1950ల్లో రాసినదైతే 1900కి అటూ ఇటూ, ఈమధ్య రాసినదైతే 2000 కావచ్చు. యూ టర్న్ మన రోడ్ల మీదే కాదు రాజకీయాల్లోనూ ఉంది. ఆర్థిక విధానం మార్చుకోండని అందరూ పోరుతుంటే బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ 1980 అక్టోబరులో పార్టీ సభలో 'యూ టర్న్ ఇఫ్ యూ వాంట్ టు' అంది. 'యూ' అంటే మీరు, యూ టర్న్‌లో యూ కూడా అదే శబ్దం. మీరు తిరగదలిస్తే తిరగండి అని, వెంటనే 'ద లేడీస్ నాట్ ఫర్ టర్నింగ్' అని ముగించింది. దీన్ని తెలుగు చెయ్యమని నాకెవరూ ఇంతవరకు పని ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే మంచిదైంది. 'మాట మార్చే రకం కాదు నేను' అంటే భావం వస్తుంది కానీ ఆ చమత్కారం మొత్తం ఆవిరైపోతుంది.

మీ నాలుగో వాక్యం ఒకటి మిగిలింది. 'ఇట్ గేవ్ మీ క్వైట్ ఎ టర్న్'. ఇది కాస్త పాతకాలపు బ్రిటిష్ నుడికారం, ఇప్పటివాళ్లు తక్కువగా వాడతారు. ఇక్కడ టర్న్ అంటే ఉలికిపాటు, ఒక్కసారిగా లోపల ఏదో తిరిగినట్టయింది. 'ఎ ఫన్నీ టర్న్' అని కూడా అంటారు, అది కళ్లు తిరిగి కాసేపు ఒంట్లో బాగోకపోవడం, నవ్వులాటేం కాదు. మీ నవల్లో ముసలావిడ చీకటి గదిలో దీపం పెట్టేసరికి ఎదురుగా కొడుకు నిలబడి ఉన్నాడు, అప్పుడంది కదా ఈ మాట. 'గుండె ఝల్లుమందిరా నాయనా' అని రాసుకోండి.